మూడు కుప్పలు

ధర్మాబాద్‌లో మిర్చి గిర్నీ మీది గది నాది.
పొద్దున బెల్టు కదిలిందంటే
గోడకున్న క్యాలెండర్ కూడా తుమ్ముతుంది.
అందుకే లెక్కలన్నీ రాత్రిపూటే.
ఇది మూడువందల పదిహేడోది.
కీబోర్డు సందుల్లో ఎర్రటి దుమ్ము,
నొక్కిన వేలితో పొరపాటున కన్ను నలిపితే
ఆ రాత్రికి చదువు సరి.

ఎక్కాలు వచ్చింది మరాఠీలో,
బే ఏకే బే, బే దునే చార్.
తిట్టు వచ్చేది తెలుగులో.
ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఇంగ్లీషులో.
లోపలి ముగ్గురూ కూడబలుక్కుని
ఒక మాటకు వచ్చేసరికి
అక్కడ ఇరవై నిమిషాలు అయిపోతాయి.

మొన్న పుణె నుంచి ఒకాయన.
ముఖం లేదు. పేరులోని మొదటి అక్షరం మాత్రం
నీలం బిళ్లలో గుండ్రంగా కూచుని ఉంది.
"మయూరి చిట్లవార్... మరాఠీనా?"
చిట్ల మా ఇంటిపేరు సార్,
'వార్' మా తాత బడిలో చేరిన రోజు
పంతులు తగిలించిన తోక, అందామనుకున్నాను.
ఎస్ సార్ అన్నాను.

ఒక వరుస ఇచ్చాడు.
సున్నాలు, ఒకట్లు, రెండ్లు కలగాపులగం.
విడదీయాలి. వేరే గిన్నె వాడొద్దు.
ఒక్కసారే నడవాలి, వెనక్కి తిరగొద్దు.

నవ్వొచ్చింది నాకు.
రోజూ మెట్ల కింద చూసే లెక్కే కదా!
గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని లస్మవ్వ
ఎర్ర కాయ ఎడమకు, తాలు కాయ కుడికి,
మచ్చ పడ్డది ఉన్నచోటనే.
"రెండోసారి ముట్టుకుంటే గింజ రాల్తది బిడ్డా,
గింజ రాలితే సేటు కోత పెడతడు."

మూడు వేళ్లు పెట్టాను వరుస మీద.
మొదట్లో ఒకటి, కొసన ఒకటి, నడిచేది ఒకటి.
సున్నా కనబడితే ముందుకు మార్చు, అడుగెయ్యి.
ఒకటి కనబడితే ఊరికే అడుగెయ్యి.
రెండు కనబడితే కొసకు పంపు,
అడుగెయ్యి.

ఎక్కడో తప్పింది.
చివర్లో ఒక సున్నా, ఒకట్ల మధ్య ఇరుక్కుని ఉంది.
ఆయన ఏమీ అనలేదు.
టకటకమని ఏదో టైపు చేసుకున్నాడు,
నా గురించే కావచ్చు, వేరే ఎవరికో మెయిల్ కావచ్చు.
"థాంక్యూ మయూరి" అన్నప్పుడు
రి మీద ఒత్తు కాస్త ఎక్కువ పడింది.

రెండు రాత్రులు వెతికాను.
మూడోరోజు చీకటితోనే దిగి
లస్మవ్వ పక్కన ఖాళీ సంచి పరుచుకున్నాను.
తాలు ఒకటి కుడికి పోయింది.
ఆ జాగాలోకి కొసనున్న కాయ ఒకటి వచ్చింది.
చెయ్యి ఆగింది.
కాయను బల్బుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఆగినవేంది అవ్వా?"

"కొసకెల్లి వచ్చింది గద.
దీన్ని నేనింక సూడనే లేదాయె.
సూడకుంట ఎట్ల దాటిపోత?"

పైకి ఉరికాను.
ఒక్క వరుస తీసేశాను: ఆ చివరి అడుగు.
పచ్చ టిక్కు పడింది.
పుణెకు చెప్పే దారి లేదు.

మళ్లీ కిందికి వస్తే అడిగింది,
"నాకు తొడిమలు తీస్తే కిలోకు ఇంత అని ఉన్నది.
నీ లెక్కలకెంత?"
ఇంకా ఏమీ ఇవ్వలేదు అవ్వా.
"ఎన్ని చేసినవ్?"
మూడువందల పదిహేడు.
తొడిమ తీయడం ఆపి నా మొహం చూసింది,
ఇందాక ఆ కాయను చూసినట్టే.
"ఒక్కటి గూడ తూకమెయ్యలే?"

అంతలో గిర్నీ బెల్టు కదిలింది.
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.
"జంట తుమ్ము. మంచిదే" అంది,
కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.
ఈ గిర్నీలో రోజుకెన్ని జంట తుములు పడతాయో
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.